ఎడమ చేతి గులాబీలు

జూన్ 3

ఏమోయ్ బామ్మర్దీ,

ఈ కొక్కిరిబిక్కిరి గీతలు చూసి ఎవరి పిల్లాడో పెన్ను దొరికించుకుని ఆడుకున్నాడనుకునేవు. కాదు, నేనే, మీ బావని. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇక్కడ మీ అక్క క్షేమం, కొట్టు క్షేమం, నేనూ క్షేమమే, ఒక్క కుడి చెయ్యి తప్ప.

మార్చిలో బేకరీ వెనక గదిలో నూనె ఒలికిన గచ్చు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నానా, కట్టు విప్పాక డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఎముక అతికింది గానీ బొటనవేలికీ చూపుడువేలికీ ఇక పట్టు రాదట. ఫిజియోథెరపీ ఆవిడేమో రోజూ ఎడమ చేత్తో ఒక పేజీ రాయమంది. ఏం రాయమంటారంటే ఏదో ఒకటి అంది. సరేనని మొదటి వారం మైదా, పంచదార, వెన్న అని సరుకుల చీటీలు రాశాను. మీ అక్క అవి నిజం చీటీలనుకుని రెండుసార్లు మైదా తెప్పించింది. ఇప్పుడు మంచం కింద కూడా మైదా బస్తాలే. అందుకని ఇకనించి నీకే రాస్తాను. ఫోన్ చేస్తే ఎత్తను. నువ్వూ ఉత్తరమే రాయాలి, జవాబు రాని ఉత్తరం రాయడానికి నేనేం ప్రేమలో పడలేదు.

నువ్వు పంపిన గేమ్ పెట్టె అందింది. మీ ఆఫీసులో తయారుచేస్తున్న, ఇంకా బయటికి రాని ఆట, ఎవరికీ చూపించొద్దన్నావని మీ అక్క కిటికీ కర్టెన్లన్నీ లాగేసి మరీ టీవీకి తగిలించింది. ముందు ఒక మనిషిని తయారుచేసుకోమంది ఆ ఆట. చేశాను. మీసాలు బాగానే కుదిరాయి. కానీ ఏం లాభం, వాడికి ఏ పనీ చేతకాదు. కత్తి తిప్పితే గాలికి తగులుతుంది. మోకాలెత్తు గోడ దూకలేడు. తాళం తీయబోయి తీగ విరగ్గొట్టుకుంటాడు. మొద్దబ్బాయి అని పేరు పెట్టాను. వీడికి విద్యలు అమ్మే కొట్టు ఎక్కడుందో చెప్పు, కొని పడేస్తాను.

ఇక అసలు సంగతి. కేకుల మీద క్రీము పువ్వులు వేసే బల్ల దగ్గర ఇప్పుడు మీ అక్క నిలబడుతోంది. పాపం కష్టపడుతోంది గానీ, ఆవిడ వేసిన గులాబీని చూసి నిన్న ఒకాయన "ఇది పువ్వాండీ, పుట్టగొడుగాండీ" అని అడిగాడు. ఆగస్టు దాకా చూస్తానంది. అప్పటికీ నా ఎడమ చెయ్యి లొంగకపోతే కొత్త క్రీము మాస్టర్ని పెట్టుకుంటుందట. ఆవిడ తప్పేం లేదు, కొట్టు నడవాలి. కానీ ముప్పై ఏళ్ళుగా నేను నిలబడ్డ బల్ల అది. అక్కడ ఇంకొకడు నిలబడితే, నేను కౌంటర్లో కూర్చుని పెట్టెలకి దారాలు కట్టుకోవాలి. అది నావల్ల కాదోయ్.

చెయ్యి లాగేస్తోంది. ఆపుతున్నాను.

ఇట్లు
ఒంటి చేతి బావ


జూన్ 11

బావగారి ఎడమ చేతికి నమస్కారాలు,

మీ ఉత్తరం నా బల్ల మీద చూసి పక్క సీటాయన "ఆటకి కొత్త మ్యాప్ గీశారా, కొండలు బాగున్నాయి" అన్నాడు. కాదండీ, మా బావగారి అక్షరాలు అని చెప్పాను. చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. "క్షేమం" అన్నచోట మాత్రం ఇంకా అనుమానంగానే ఉంది.

విద్యలు అమ్మే కొట్టు ఈ ఆటలో లేదు బావా. మేం ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్నది దాని మీదే. ఇందులో ఏ పని చేస్తే ఆ పనే వస్తుంది. పరిగెత్తితే పరుగు వస్తుంది. దూకితే దూకడం వస్తుంది. దెబ్బలు తింటే తట్టుకోవడం వస్తుంది. పని చెడినా ఎంతో కొంత వస్తుంది. తెర అడుగున సన్నటి గీత ఒకటి నిండుతూ ఉంటుంది చూడండి, అది పూర్తిగా నిండితే మీ మొద్దబ్బాయి ఒక మెట్టు ఎక్కినట్టు. కాబట్టి వాణ్ణి తిట్టడం మాని తిప్పండి.

అక్క అందరికీ చెబుతున్నట్టు నాది ఆడుకునే ఉద్యోగం కాదు. ఆడేవాళ్ళు ఎక్కడెక్కడ దొంగదారి తొక్కుతారో ముందే కనిపెట్టే ఉద్యోగం. అందుకే మీకు పంపాను. నేను మీ ఇంట్లో ఉండి చదువుకున్నప్పుడు, డాక్టరు తీపి మానమన్నాడని అక్క తాళం వేసిన బీరువాలోంచి మీరు బిస్కట్లు ఎలా తీసేవారో నాకు గుర్తుంది. ఏమైనా దొంగదారి దొరికితే రాయండి.

చెయ్యి సంగతికి ఏం రాయాలో తెలియట్లేదు. స్టూలెక్కి మీ క్రీము కోనులోంచి పువ్వు విచ్చుకోవడం చూసినవాణ్ణి. ఆ బల్ల దగ్గర ఇంకొకాయన్ని ఊహించుకోవడం నాకూ కష్టంగానే ఉంది. కుడి చేతికి వచ్చింది ఎడమ చేతికి ఎందుకు రాదు? కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

మైదాతో ఏం చేశారో తప్పకుండా రాయండి.

మీ
రెండు చేతుల బావమరిది


జూన్ 20

బామ్మర్దికి,

మైదా అలాగే ఉంది, దాని మీదే కూర్చుని రాస్తున్నాను.

నీ ఆటలో దొంగదారులు అడిగావు కదా, రాసుకో. ఒకటి, మొదటి ఊళ్ళో చలిమంట ఉంది. మొద్దబ్బాయిని తీసుకెళ్ళి అందులో నిలబెట్టాను. కాలుతుంది. వెంటనే మందు రాసుకుంటాడు. మళ్ళీ కాలుతుంది, మళ్ళీ రాసుకుంటాడు. ఇప్పుడు వాడు ఆ ఊరి వైద్యుడి కంటే పెద్ద వైద్యుడు. రోగి కూడా వాడే అనుకో.

రెండోది మీ అక్క సలహా. మనుషులకి కనపడకుండా నక్కి నడిస్తే ఆ విద్య వస్తుంది కదా. సత్రంలో ఒకాయన నిద్రపోతున్నాడు. ఆయన వెనక గోడకి మొహం పెట్టించి, కంట్రోలర్ పుల్లని కేకు పెట్టె రబ్బరు బ్యాండుతో ముందుకి లాగి కట్టేశాను. వాడు గోడలోకి నడుస్తూనే ఉన్నాడు. నేను స్నానం చేసి, భోంచేసి, కునుకు తీసి వచ్చేసరికి ఎక్కడికీ వెళ్ళకుండానే లోకంలోకెల్లా గొప్ప దొంగ అయిపోయాడు. మూడోది ఊరి చివర కత్తి నేర్చుకునేందుకు పెట్టిన కొయ్య బొమ్మ. తిరిగి కొట్టదు, పారిపోదు, ఏమీ అనదు. నాకు ఈ ఆటలో నచ్చిన మనిషి అదొక్కటే.

బేకరీలో నా పని కూడా మొదలైంది. ట్రే బోర్లించి దాని వీపు మీద డాల్డా నింపిన కోనుతో గులాబీలు వేస్తున్నాను. వేసి, గీకేసి, మళ్ళీ కోనులో నింపి, మళ్ళీ వేస్తున్నాను. మొదటి రోజు వేసినవి చూసి మీ అక్క "క్యాబేజీలు బాగున్నాయి" అంది. అన్నదెవరో చూడు. అసలు చిక్కు ఎక్కడంటే, ఎడమ చెయ్యి కోను పిసికితే కుడి చెయ్యి ట్రే కింద ఉన్న తిరిగే పీటని తిప్పాలి. వేళ్ళకి పట్టు లేదు కాబట్టి అరచేత్తో తోస్తున్నాను. ఒక్కోసారి పీట గిర్రున తిరిగి పువ్వు కాస్తా జిలేబీ అవుతోంది.

అయినా నీ ఆటలో ఉన్న ఆ గీత నా చెయ్యి కింద కూడా ఉంటే బాగుండును. ఎంత నిండిందో తెలిసేది.

ఇట్లు
లోకంలోకెల్లా గొప్ప దొంగ


జూలై 2

గోడ బావగారికి,

ఈ బిరుదు నేను ఇచ్చింది కాదు. మీ ఉత్తరం మా మీటింగులో చదివి వినిపించాను. కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మా పెద్దాయన మాత్రం నవ్వలేదు, ఎందుకంటే గోడ సంగతి ఇన్నాళ్ళుగా ఎవ్వరం కనిపెట్టలేదు. ఇప్పుడు ఏ దొంగదారి దొరికినా "గోడ బావగారు చూశారా" అని అడుగుతున్నారు.

మీ దారులన్నీ మూసేశాం, క్షమించండి. మంటలో మందు ఇక పనిచెయ్యదు. కొయ్య బొమ్మ మీద ఎంత కొట్టినా కొంతవరకే విద్య వస్తుంది, ఆ తర్వాత గీత కదలదు. తిరిగి కొట్టేవాడితో తలపడితేనే కదులుతుంది. వచ్చే వారం అప్‌డేట్ వస్తుంది, మొద్దబ్బాయికి ధైర్యం చెప్పి ఉంచండి.

అక్కతో మొన్న ఫోన్లో మాట్లాడాను. ట్రే మీద గులాబీలు తన కంటే బాగానే వస్తున్నాయని ఒప్పుకుంది. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం మామూలు సంగతి కాదు. కానీ కేకు మాత్రం ముట్టుకోవట్లేదంది. ఎందుకు బావా?

మీ
దారులు మూసే బావమరిది


జూలై 12

ఏమయ్యా బామ్మర్దీ,

నిన్నూ మీ అక్కనీ ఏమనాలో తెలియట్లేదు. నా బల్ల మీద ఏం జరుగుతోందో ఆవిడ నీకు చేరవేస్తోందన్నమాట. ఇంట్లో గూఢచారిని పెట్టుకుని నేను కర్టెన్లు వేసుకుంటున్నాను.

నీ ఉత్తరం అందకముందే నీ అప్‌డేట్ వచ్చిపడింది. పొద్దున్నే మొద్దబ్బాయితో కొయ్య బొమ్మ దగ్గరికి వెళ్ళాను. కొట్టాను, కొట్టాను, గీత కదలదే. నిన్నటిదాకా పనికొచ్చింది ఇవాళ పనికిరాదంటే మనిషికి ఎలా ఉంటుంది? మార్చాలనుకుంటే చెప్పి మార్చాలి. చెప్పాపెట్టకుండా కాళ్ళ కింద పీట లాగేస్తే ఎవరికైనా మండుతుంది. ఇది మీ పెద్దాయనకి కూడా చదివి వినిపించు.

కేకు ఎందుకు ముట్టుకోవట్లేదని అడిగావు. మీ అక్క రెండుసార్లు ముందు పెట్టింది. ఒకసారి క్రీము పల్చగా ఉందన్నాను. ఒకసారి ఎండ ఎక్కువగా ఉందన్నాను. నిజం నీకు చెబుతాను. భయంగా ఉందోయ్. ట్రే మీద పాడైతే గీకేస్తాను. కేకు మీద పాడైతే అది ఎవరిదో పుట్టినరోజు. దాని కింద పేరుంటుంది. పెట్టె మూత తీసి వాళ్ళు మొహం ముడుచుకుంటే, ఆ మొహం నేను చూడలేను. ఇన్నేళ్ళూ మూత తీసి నవ్వినవాళ్ళనే చూశాను.

నిన్న మీ అక్క చూసిపెట్టుకున్న కొత్త మాస్టరు కొట్టు చూడ్డానికి వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, అదే నా బాధ. బల్ల దగ్గర నిలబడి, నా తిరిగే పీటని ఎగాదిగా చూసి, తన ఎత్తుకి సరిపోయేలా కింద చెక్క పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు తీసెయ్యడం మర్చిపోయాడు. ఆ చెక్క నేను తీశాను, అరచేత్తో తోసి.

ఈసారి ఉత్తరం రెండు పేజీలు వచ్చింది చూడు.

ఇట్లు
మండుతున్న బావ


జూలై 20

బావా,

పెద్దాయనకి చదివి వినిపించాను. "ఆయన చెప్పింది నిజమే" అని, ఇకనించి ఏది మార్చినా ముందు తెర మీద చెబుతామన్నారు. ఇది మీ ఖాతాలో వేసుకోండి.

ఇప్పుడు ఒక చిన్న అనుమానం. కోప్పడకూడదు. మీ ఉత్తరంలో మొదటి పేజీ మీదేనని నమ్ముతాను. రెండో పేజీలో అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఒత్తులు వాటి చోట అవి ఉన్నాయి. అక్క చేత రాయించారు కదూ? కంట్రోలర్‌కి రబ్బరు బ్యాండు కట్టిన మనిషి ఏదైనా చేస్తారు. దొంగదారులు పట్టుకోవడమే నా ఉద్యోగమని మర్చిపోతున్నారు.

భయం గురించి రాశారు. మీకు భయమంటే నేను ఇదివరకు నమ్మేవాణ్ణి కాదు. మీకు సలహా చెప్పేంతటివాణ్ణి కాదు గానీ, ట్రేకీ కేకుకీ మధ్య ఇంకో మెట్టు పెట్టుకుంటే? మాడిన కేకులు పక్కన పడేస్తారుగా, వాటి మీద వెయ్యండి. కేకే కానీ ఎవరిదీ కాదు. మొహాలు ముడుచుకునేవాళ్ళు ఉండరు, అక్క తప్ప.

మీ
అనుమానాల బావమరిది


ఆగస్టు 3

బావమరిదికి,

రెండో పేజీ కూడా నేనే రాశాను. దీన్నీ నేనే రాస్తున్నాను, కోపంలో రాస్తున్నాను కాబట్టి మళ్ళీ వంకర్లు పోతోంది, చూసి సంతోషించు. మీ అక్కకి ఉత్తరాలు రాసే తీరికే ఉంటే నాకీ అవస్థ ఎందుకు?

నీ సలహా విన్నందుకు నాకు తగిన శాస్తి జరిగింది. ఒక పక్క మాడిన కేకుంటే ఆ పక్క కోసేసి, గుండ్రంగా సరిచేసి, తెల్ల క్రీము పట్టించాను. ఏం వెయ్యాలో తోచక గోడకి గుచ్చిన ఆర్డరు చీటీ చూశాను. "మూడు ఎర్ర గులాబీలు, అమ్మకు అని రాయాలి." స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారు వాళ్ళమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి ఇచ్చిన ఆర్డరు. ఉత్తినే సాధనకే కదా అని అదే వేశాను. చెయ్యి తేలిగ్గానే ఆడింది, ఎవరిదీ కాదు కాబట్టి. పెట్టెలో పెట్టి అర మీద ఉంచి గేమ్ ఆడుకోవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి పెట్టె లేదు. మీ అక్క దాన్ని అమ్మేసింది.

మీరిద్దరూ కలిసి ఆడిన నాటకం నాకు తెలియదనుకోకు. నువ్వు మాడిన కేకు మీద వెయ్యమనడం, ఆవిడ దాన్ని అమ్మడం, చక్కగా కుదిరింది. కొయ్య బొమ్మ విషయంలో చేసిన పనే మళ్ళీ చేశారు. చెప్పి చెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకున్నానే. మీ అక్కతో మాట్లాడటం మానేశాను. ఏదైనా కావాలంటే ఎడమ చేత్తో చూపిస్తున్నాను.

ఆ హెడ్‌మిస్ట్రెస్ గారు నిన్న ఫోన్ చేసి, ఊరెళ్తున్నాను, రాగానే వచ్చి ఆ కేకు గురించి మాట్లాడతానందట. కేకు గురించి ఏం మాట్లాడతారో నాకు తెలియదా? తిన్నవాళ్ళకి మాడు వాసన కూడా తగిలే ఉంటుంది. ఆవిడ వచ్చి నాలుగూ అనిపోయాక చూసుకుందాం అనుకోలేదు, ముందే కొత్త మాస్టర్ని రమ్మనమని కాగితం మీద రాసి మీ అక్క ముందు పెట్టాను. నెల మధ్య నించి వస్తాడు. ఇక నీకు సుఖమేనా?

బావ


ఆగస్టు 8

బావా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మీరు ఫోన్ ఎత్తరు కదా.

ముందుగా రెండో పేజీకి చెంపలేసుకుంటున్నాను. మీ మూడో తారీకు ఉత్తరం పక్కన పెట్టి చూశాను. కోపంలో వంకర్లు పోయినా అదే చెయ్యి. అంటే అంత బాగా రాసింది మీరేనన్నమాట. నేను నమ్మలేదు. తప్పయింది.

రెండోది, నేను ఏ నాటకమూ ఆడలేదు. అసలు ఈ సంగతే మీ ఉత్తరం చూశాకే తెలిసింది. అక్కకి ఫోన్ చేసి అడిగాను. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"నాటకమా? నాకంత ఖాళీ ఎక్కడిదిరా? నేను చేసిన కేకు ఫ్రిజ్‌లో ఉంది. సాయంత్రం జనం మీద జనం. ఆవిడొచ్చి నిలబడింది. అర మీద పెట్టె కనిపిస్తే మూత తీశాను. మూడు ఎర్ర గులాబీలు, అమ్మకు అని ఉంది. ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు, పర్లేదే, ఈసారి నా చెయ్యి బాగా తిరిగిందే అని మురిసిపోయాను కూడా. కొట్టు కట్టేసేటప్పుడు ఫ్రిజ్ తెరిచి చూస్తే నాది నాకే మిగిలింది. ఎవరికి చెప్పుకోను? తినేశాను."

అర్థమవుతోందా బావా? ఆవిడ మీ మీద జాలిపడి అమ్మలేదు. మీ ధైర్యం పరీక్షించడానికీ అమ్మలేదు. అది అమ్మే కేకులాగే ఉంది కాబట్టి అమ్మింది. అది సాధన కేకని మీకొక్కరికే తెలుసు.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఏమంటారో నాకు తెలియదు. తిట్టినా తిట్టవచ్చు. ఏమన్నా సరే నాకు రాయండి. అక్కతో మాట్లాడండి, ఎడమ చేత్తో చూపిస్తే ఉప్పు అడిగారో పేపరు అడిగారో తెలియక చస్తోందట.

మీ
చెంపలేసుకున్న బావమరిది


ఆగస్టు 17

ఏమోయ్ బామ్మర్దీ,

నీ ఉత్తరం చదివి మీ అక్కతో మాటలు కలిపాను. మొదట అడిగింది, ఆ కేకంతా ఒక్కతే ఎలా తినగలిగిందని. నా మీద కోపంతో తినేసిందట.

గేమ్ ఇప్పుడు ఆవిడ చేతికి పోయింది. మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు తన మనిషిని తయారుచేసుకుని, ఊళ్ళో కనిపించిన ప్రతి కొట్లోనూ దూరి బేరాలాడుతోంది. ఇక మీ సంతలు బతకవని పెద్దాయనకి చెప్పు.

మొన్న హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు. గొంతు వినగానే నేను వెనక గదిలోకి పోయి తెర చాటున నిలబడ్డాను. ఆవిడ సూటిగా మాట్లాడే మనిషి.

"ఎప్పట్నించో మీ దగ్గరే తీసుకుంటున్నాను కాబట్టి ఉన్నమాట చెబుతున్నానమ్మా. గులాబీలు మూడూ ఒక పక్కకి ఒరిగాయి. అక్షరాలు మెట్లెక్కినట్టు పైకి పోయాయి. అది మీ ఆయన చేసింది కాదు కదా?"

మీ అక్క నీళ్ళు నమిలి "కొత్త చెయ్యండీ" అంది. అది అబద్ధమూ కాదు.

"అనుకున్నాను. మీ ఆయన పనితనం వేరు. అయినా మా అమ్మకి నచ్చింది. ఒక పువ్వు తినకుండా పక్కన పెట్టుకుంది. వచ్చే శుక్రవారం మా లెక్కల మాస్టారు రిటైరవుతున్నారు, పెద్ద కేకు కావాలి. ఈసారి ఆ కొత్తాయన పక్కన పాతాయన్ని నిలబెట్టండి."

తెర చాటున నా అవస్థ ఏం చెప్పను? ఒకే నోటితో నన్ను మెచ్చుకుంటోంది, నన్నే దులిపేస్తోంది. ఒళ్ళు మండింది, నవ్వు వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. నా పువ్వు ఒరిగిందని నా మొహాన ఇంతవరకూ ఎవరూ అనలేదు. అన్నారు, విన్నాను, ఇంకా నిలబడే ఉన్నాను. తెర తోసుకుని బయటికొచ్చేశాను.

"పాతాయన మానేశాడండీ. ఇకనించి నేనే" అన్నాను, ఎడమ చెయ్యి చూపిస్తూ.

ఆవిడ ఆ చెయ్యి చూసింది, పక్కన వేలాడుతున్న కుడి చెయ్యి చూసింది. పాపం, మొహం ఎర్రబడింది. అయినా స్కూలు నడిపే మనిషి కదా, తేరుకుని "అయితే రాసేది కాస్త నేల మీద నడిచేలా చూడండి" అంది. "ప్రయత్నం చేస్తానండీ, మాట ఇవ్వలేను" అన్నాను. ముప్పై ఏళ్ళలో కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ళెవరితోనూ నేను ఆ మాట అనలేదు. ఆవిడ సరేనని ఆర్డరిచ్చి వెళ్ళిపోయింది.

కొత్త మాస్టరికి మీ అక్క ఫోన్ చేసి, వేరే మనిషి దొరికాడని చెప్పేసింది. ఎలాంటి మనిషని అడిగాడట. "కొత్తవాడే, కోపం జాస్తి" అందట.

శుక్రవారం కేకుకి గులాబీల చుట్టూ ఆకులు కూడా అడిగారు. ఎడమ చేత్తో ఆకు ఇంతవరకూ వెయ్యలేదు. మీ అక్క ముందు ట్రే మీద నాలుగు వేసి చూసుకోమంటోంది. పాడవుతుందేమో, అయినా కేకు మీదే వేస్తాను.

నీ
బావ